పెద్ద గంట తాడు కట్టిన వారం

ఆ శనివారం మధ్యాహ్నం మా పెద్దమ్మ బెరిల్ మర్నాటి వంటకి బంగాళాదుంపలు చెక్కు తీసి, గిన్నెలో నీళ్లు పోసి, చిటికెడు ఉప్పు వేసి, మీద పళ్లెం మూత పెట్టింది. చెక్కులు పాత పేపర్లో చుట్టి పెరట్లో ఎరువు గుంటలో పడేసింది. చేతులు తుడుచుకుని, నీలం ఉన్ని టోపీ తలకి లాక్కుని, సైకిలెక్కి చర్చికి బయల్దేరింది. ఎదురింటి మేవిస్ కిటికీలోంచి, "వానొచ్చేలా ఉంది బెరిల్" అంది. "రానీ. నా బట్టలు ఎప్పుడో లోపల పడేశా. నీవే ఇంకా తీగ మీద ఊగుతున్నాయి" అంది పెద్దమ్మ. ఆవిడ నోటి నుంచి ఈ ఊళ్లో ఎవరైనా విన్న ఆఖరి మాట అది.

అది 2019 మార్చి నెలాఖరు. మా దేశం యూరప్ కూటమి నుంచి బయటికి రావడానికి మొదట పెట్టిన గడువు ముందురోజే దాటిపోయింది. బయటికి మాత్రం రాలేదు. మూడేళ్ల కిందట వేసిన ఓటు వేసినట్టే చెల్లాలని సగం దేశం, కాదు మళ్ళీ ఓటు పెట్టాలని తక్కిన సగం అరుచుకుని అరుచుకుని, ఆ వారానికి అరవడం కూడా మానేసి ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోవడం లేదు. అరుపులున్నప్పుడు ఇంత భయం వెయ్యలేదు. మా ఆల్డర్‌బీలో మాంసం కొట్టు దగ్గర వరసలో నిలబడ్డవాళ్లు వాన గురించి కూడా మాట్లాడేవారు కాదు. వాన గురించి మాట్లాడకుండా ఇంగ్లండులో ఇద్దరు నిలబడ్డారంటే ఏదో జరగబోతోందన్నమాట.

పెద్దమ్మ రైల్వే గేటు కాపలా మనిషి కూతురు. మా అమ్మకి అక్క. పన్నెండేళ్ల పిల్లగా ఉన్నప్పుడు, గంటలు కొట్టడానికి వెళ్లిన వాళ్ల నాన్నకి అన్నం డబ్బా ఇవ్వడానికి చర్చి గోపురం మెట్లెక్కి, గంటల గదిలో ఎనిమిది తాళ్లు వేలాడుతుంటే చూసి అక్కడే నిలబడిపోయింది. ఆడపిల్లల చేతుల్లో బలముండదని అప్పటి గోపురం పెద్ద అంటే, "తాడు లాగేది చేతుల్తో కాదు, చెవుల్తో అని ఇందాక మీరే అన్నారుగా" అందట. ఆయన నవ్వాపుకోలేక చిన్న గంట తాడు చేతికిచ్చాడు. ఆ తర్వాత ఆవిడ తులిప్ పూల పొలాల్లో కూలికి వెళ్లింది, డబ్బాల ఫ్యాక్టరీలో బఠాణీలు ఏరింది, బడి వంటగదిలో ఊరందరి పిల్లలకీ కస్టర్డ్ వండిపెట్టింది. లారీ నడిపే స్టాన్లీని పెళ్లి చేసుకుంది. ఆయన్ని పోగొట్టుకుంది. పిల్లల్లేరు. ఎన్ని మారినా మంగళవారం సాయంత్రం గోపురం, ఆదివారం పొద్దున గోపురం మాత్రం మారలేదు. చివరి పద్దెనిమిదేళ్లూ ఆ గోపురానికి పెద్ద ఆవిడే.

గంటల సంగతి కాస్త చెప్పాలి. మా దగ్గర గంటని ఊరికే ఊపరు. ముందు కొంచెం కొంచెంగా ఊపుతూ, ఊపు పెంచుతూ, చివరికి దాని నోరు ఆకాశం వైపు తిరిగేలా తలకిందులుగా నిలబెడతారు. అలా నిలబడ్డ గంటకి ఆసరా ఒక్క కర్రముక్క. ఆపుకర్ర అంటాం. ఆ ముక్క విరిగితే గంట అవతలికి దొర్లిపోతుంది. తాడు పైకప్పులోని కన్నంలోకి పీల్చుకుపోతుంది, వదలకపోతే పట్టుకున్న మనిషితో సహా. అందుకే కొత్తవాళ్లకి పెద్దమ్మ నేర్పే మొదటి పాఠం తాడు పట్టుకోవడం కాదు, వదిలెయ్యడం.

మరో సంగతి. గంటలెనిమిది, కొట్టేవాళ్లు ఎనిమిదిమంది. పాటలేమీ ఉండవు. ఎనిమిదీ ఒక వరసలో మోగాక, మరుసటిసారి వరస మారుతుంది. అలా మారుతూనే ఉండాలి. ఒకసారి మోగిన వరస మళ్ళీ రాకూడదు. వచ్చిందా, మూడు గంటలసేపు చెమటలు కక్కినా ఆ మోత అబద్ధం. తప్పు అనం, అబద్ధం అనే అంటాం. ఇప్పటి పాస్టరమ్మకి ముందు మా చర్చి చూసిన పాస్టరు గారు పదవి విరమించిన ఏడాది మావాళ్లు అలాంటి పెద్ద మోత ఒకటి మోగించారు. ఎనిమిది పేర్లూ బంగారు రంగులో రాయించి ఓక్ చెక్క మీద గదిలో బిగించారు. నెల తిరక్కుండా లింకన్ నగరం నుంచి ఒకాయన వరసలన్నీ కూర్చుని లెక్కచూసి, ఒకటి రెండుసార్లొచ్చిందని తేల్చాడు. ఊళ్లో ఒక్క ప్రాణికీ తెలిసే అవకాశం లేదు. పెద్దమ్మ కుర్చీ ఎక్కి ఆ చెక్క తనే ఊడదీసింది. పెద్ద గంట కొట్టే డెస్మండ్ ట్యాగ్ కుర్చీ పక్కన నిలబడి తిట్టాడట.

"మూడు గంటలు ఊపిరాడలేదే నాకు! నా చెమట అబద్ధమా?"

"నీ చెమట నిజమే డెస్మండ్. మోతే అబద్ధం. కాస్త ఆ స్క్రూ అందుకో."

మరుసటి వసంతంలో మళ్ళీ మోగించారు. ఇప్పుడు గోడ మీదున్న చెక్క అప్పటిది. ఈ కథ మేమంతా నవ్వుకుంటూ చెప్పుకునేవాళ్లం, దీన్ని పట్టుకుని ఒకళ్లనొకళ్లు పొడుచుకునే రోజు వచ్చేదాకా.

డెస్మండ్ కాలవల బోర్డులో పంపులు నడిపి రిటైరైన మనిషి. చేతులు పారల్లా ఉంటాయి. గంటల చక్రాలు, తాళ్లు, ఇరుసుల నూనె, అన్నీ ఆయనే చూసుకునేవాడు. రెండు మైళ్ల అవతల కాలవ గట్టు మీద భార్య నోరీన్‌తో ఉంటాడు. 2016లో బయటికి వచ్చెయ్యాలని ఓటేశాడు, దాచుకోలేదు. మూడో గంట కొట్టే రోజలిండ్ లండన్లో టీచరుగా చేసి, మా ఊరొచ్చి స్థిరపడ్డావిడ. ఉండిపోవాలని ఓటేసింది, ఆవిడా దాచుకోలేదు. తక్కినవాళ్లలో సగం అటూ, సగం ఇటూ. ఐదో గంట దైవాది. లిథువేనియా నుంచి వచ్చి క్యాబేజీ గోదాములో పనిచేస్తుంది, ఓటు లేదు. ఆవిడకి తాడు పట్టడం నేర్పింది డెస్మండే. "నా కూతురి కన్నా బుద్ధిగా వింటుంది" అనేవాడు. నాది రెండో గంట.

పెద్దమ్మ ఎటు ఓటేసిందో ఎవరికీ తెలీదు. అడిగితే, "గొడుగులు, ఓట్లు కింద మెట్టు దగ్గర వదిలేసి పైకి రండి" అనేది. చాలాకాలం అది పనిచేసింది. 2018 నవంబరులో, మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి నూరేళ్లయిన ఆదివారం, గంట నాలుకలకి ఒకవైపు తోలు కట్టి మోగించాం. ఒక దెబ్బ గట్టిగా, ఒక దెబ్బ ఎక్కడో నీళ్లడుగు నుంచి వచ్చినట్టుగా. డెస్మండ్ కళ్లు తుడుచుకుంటుంటే రోజలిండ్ తన చేతిరుమాలు ఇచ్చింది. ఎనిమిదిమందీ మనసారా కలిసి కొట్టడం అదే ఆఖరు.

ఆ చలికాలంలో బయటికొచ్చే ఒప్పందాన్ని పార్లమెంటు తన్ని తగలేసింది. మళ్ళీ ఓటు అన్న మాట టీవీలోంచి ఊళ్లోకి దిగింది. రోజలిండ్ కిటికీలో మళ్ళీ ఓటు పెట్టాలని పోస్టరు అంటించింది. వారం తిరక్కుండా ఆవిడ గేటు మీద ఎవరో ఎర్రరంగుతో 'ద్రోహి' అని రాసి పోయారు. మంగళవారం సాధనకి డెస్మండ్ మెట్లెక్కి వస్తూనే, ఎవరూ నోరు విప్పకముందే, "అది నేను కాదు" అన్నాడు.

"నువ్వని నేనన్నానా?" అంది రోజలిండ్.

"అనలేదు. చూశావు."

కొట్లో వరసలో నిలబడ్డ దైవాని వెనక నుంచి ఒకావిడ, "సర్దుకున్నావా బంగారం, టిక్కెట్టు తీసుకున్నావా?" అని నవ్వుతూ అడిగిందట. దైవా అది మాకు చెబుతూ తనూ నవ్వింది, కానీ ఆ తర్వాత ఆ కొట్టుకి వెళ్లడం మానేసింది. ఓడరేవులు ఆగిపోతాయని పుకారొచ్చి జనం డబ్బాల తిండి కొని దాచుకున్నారు. పెద్దమ్మ అలమరలో బఠాణీ డబ్బాలు మెడదాకా పేరుకున్నాయి. "పదకొండేళ్లు వీటిని డబ్బాల్లో పెట్టాను. ఇప్పుడవి పగ తీర్చుకోడానికి వచ్చాయే నెల్" అంది నాతో. కాలవల్లో నీళ్లు గట్టంచు దాకా ఉన్నాయి ఆ ఏడు. మామూలే, చలికాలంలో ఉంటాయి. కానీ రోజూ ఆ గట్టు మీద సైకిలు తొక్కుతుంటే పక్కనే ఎవరో ఊపిరి బిగబట్టి నడుస్తున్నట్టుండేది.

గడువు రోజు రాత్రి గంటలన్నీ మోగించాలని డెస్మండ్ ఫిబ్రవరిలోనే అడిగాడు. మంచి మాటగానే అడిగాడు, టోపీ చేతిలో పట్టుకుని.

"యువరాజు పుట్టినా కొట్టాం, యువరాణి పెళ్లికీ కొట్టాం. దేశం తన కాళ్ల మీద నిలబడుతుంటే కొట్టమా బెరిల్?"

"ఎనిమిదిమందీ కావాలంటే కొడదాం. అడుగు వెళ్లి ఎనిమిదిమందినీ."

"అది కుదరదని నీకు తెలుసు."

"అయితే గంటలకీ తెలుసు."

ఆయన టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ మాట మరిచిపోలేదని ఆ తర్వాత తెలిసింది.

మార్చి మూడోవారంలో గడువు వాయిదా పడింది. ఆ శనివారం లండన్ వీధుల్లో లక్షలమంది మళ్ళీ ఓటు కావాలని నడిచారు. రోజలిండ్ కూడా వెళ్లింది. ఆ తర్వాతి మంగళవారం సాధనకి అందరం వచ్చాం. మెట్ల మీద ఎవరూ మాట్లాడుకోలేదు. గంటలు నిలబెట్టి వరసలు మొదలుపెట్టాం. నాలుగు నిమిషాలు గడిచాయో లేదో, రోజలిండ్ దారి తప్పింది. వరస చెదిరి ఎనిమిది గంటలూ ఒకదాని మీద ఒకటి పడి గిన్నెలు దొర్లినట్టయింది. "ఆపండి" అంది పెద్దమ్మ. గంటలన్నీ ఆగాయి.

"సారీ" అంది రోజలిండ్. "మళ్ళీ మొదటినుంచి మొదలెడదామా?"

డెస్మండ్ నవ్వాడు. ఆ నవ్వే నాకింకా గుర్తుంది, ఊపిరితిత్తుల్లోంచి కాదు, పళ్ల మధ్య నుంచి వచ్చింది.

"అదే కదా మీకు తెలిసింది టీచరమ్మ గారూ. నచ్చకపోతే మళ్ళీ మొదటినుంచి."

"డెస్మండ్, కింద మెట్టు" అంది పెద్దమ్మ హెచ్చరికగా.

"లేదు బెరిల్, నన్ను చెప్పనీ" అంది రోజలిండ్. మొహం పాలిపోయింది. "మీరే కదా మోగించినదాన్ని చెరిపేసి మళ్ళీ మోగించారు? ఆ చెక్క ఊడదీసింది బెరిలే కాదూ? అబద్ధమని తెలిస్తే మళ్ళీ చెయ్యడమే మర్యాద అని ఈ గదిలోనే నాకు నేర్పారు. అబద్ధాలు చెప్పి వేయించుకున్న ఓటు మళ్ళీ వేస్తే తప్పేంటి?"

"ఆ మోత ఎందుకు అబద్ధమయిందమ్మా? ఒకే వరస రెండుసార్లు వచ్చింది గనక. నువ్వు అడుగుతున్నది అదేగా? ఒకే ప్రశ్న రెండోసారి! అది జరిగితే మొత్తం అబద్ధమవుతుంది, మొదటిదీ, రెండోదీ. అంకెల్లో తేడా వచ్చిందా మా ఓటులో? రాలేదు. రాగం నచ్చలేదు, అంతే నీ బాధ."

"దైవాని అడుగు రాగం ఎలా ఉందో."

"నన్ను అడగొద్దు" అంది దైవా, తాడు వదలకుండానే. "నాకు ఓటు లేదు. గంట ఉంది. కొడతామా, ఇంటికెళ్లనా? పొద్దున ఐదింటికి పని."

అందరూ పెద్దమ్మ వైపు చూశారు. ఆ చెక్క దించింది ఆవిడ, మళ్ళీ మోగించింది ఆవిడ. ఆవిడ ఎటు తీర్పు చెబితే అటు గెలిచినట్టేనని ఇద్దరూ కాచుకున్నారు. ఆవిడ నెమ్మదిగా, "నాకు దేశం సంగతి తెలీదు. ఎనిమిదిమంది లేకపోతే ఈ గంటలు మోగవు, అది తెలుసు" అంది.

"అది జవాబు కాదు" అన్నాడు డెస్మండ్.

"నా దగ్గరున్నది అదే."

ఆయన ఊపు తగ్గిస్తూ తన గంట నోరు కిందకి దించాడు. అందరం కలిసి దించాల్సింది, ఆయన ఒక్కడే దించాడు. చప్పుడు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయేదాకా మేం అలాగే నిలబడ్డాం. తాడు చుట్టి కొక్కేనికి తగిలించి, కోటు తొడుక్కుని, గుమ్మంలో తిరిగాడు. "మళ్ళీ ఓటని వాగేవాళ్ల కోసం ఈ పెద్ద గంట మోగదు. నేనుండగా మోగదు" అన్నాడు. ఆయన బూట్లు ఆ చుట్టుమెట్లు దిగుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది.

ఆదివారం అమ్మల ఆదివారం. చర్చికొచ్చిన పిల్లలు అమ్మలకి డాఫొడిల్ పూలగుత్తులిస్తారు. ఆ రోజు ఎనిమిది గంటలూ మోగకపోవడం మా ఊళ్లో ఎన్నడూ లేదు. పెద్దమ్మ దిగులంతా దాని మీదే. పెద్ద గంట లేకుండా ఏడు మోగిస్తే, ఊరంతటికీ తెలిసిపోతుంది ఎవరు రాలేదో, ఎందుకు రాలేదో. "ఒక్కసారి ఏడు మోగించామా, ఇక ఏడే. ఆ తర్వాత ఆరు. చీలిన గోపురాలు చూశాను నేను. తాళ్లు ఎలకలు కొరుకుతాయి" అంది.

శుక్రవారం రోజలిండ్ పూల కూజాలు సర్దడానికి చర్చికి వెళ్లి, మంగళవారం మరిచిపోయినదేదో తెచ్చుకోడానికి గంటల గదిలోకి ఎక్కింది. దిగగానే నేరుగా పెద్దమ్మ ఇంటికొచ్చింది. నేనక్కడే ఉన్నాను, ఎండుద్రాక్ష రొట్టెకి వెన్న రాస్తూ.

"అన్నంత పనీ చేశాడు బెరిల్" అంది గుమ్మంలోంచే. "పెద్ద గంట తాడు పైకి లాగేసి, చేతికందకుండా దూలానికి కట్టేశాడు."

పెద్దమ్మ కత్తి కింద పెట్టింది. "ఎలా కట్టాడు?"

"ఎలా ఏమిటి? గట్టిగా. మూడు ముళ్లు. మనం తాకకూడదని!"

"కూర్చో. టీ తాగు."

"నాకు టీ వద్దు. ఆయన సొత్తా ఆ గంట? పాస్టరమ్మకి చెప్తాను."

"చెబితే ఆయన ఇక ఎప్పటికీ రాడు. కూర్చోమన్నానా!"

రోజలిండ్ కూర్చుంది గానీ టీ ముట్టలేదు. ఆవిడ వెళ్లాక పెద్దమ్మ ఆ చల్లారిన టీ పారబోసి కప్పు కడిగింది. మా గోపురంలో తాడు కట్టెయ్యడం కొత్తేమీ కాదు. గంటకి ఏదైనా చెడితే కూడా తాడు కట్టేవాళ్లు, తాకొద్దని. కాగితాలు అంటించడం మావాళ్లకి అలవాటు లేదు. కానీ అలాంటప్పుడు డెస్మండ్ ముందు పెద్దమ్మకి ఫోను చేసేవాడు, అరగంటసేపు ఆ చక్రం గురించో బోల్టు గురించో సోది చెప్పేవాడు. ఈసారి ఫోను రాలేదు. గుమ్మంలో నిలబడి ఆయనన్న మాట మా అందరి చెవుల్లో ఉంది. మాలో ఒక్కరికీ ఇంకోలా తోచలేదు.

"ఏం చేస్తావు పెద్దమ్మా?"

"విప్పుతా. ముడి వేసినవాడికి కోపం ఉంటుంది. విప్పేవాళ్లకి ఉండకూడదు." నవ్వింది. "వాడి నడుం బాగాలేదు తెలుసా? పోయిన నెల నుంచీ పెద్ద గంట నిలబెట్టడానికి ఆపసోపాలు పడుతున్నాడు. ఎవరికీ చెప్పడు. రేపు మధ్యాహ్నం వెళ్లి నేనే నిలబెట్టి ఉంచుతా. ఆదివారం పొద్దున మోత వినడానికైనా వస్తాడు, రాకుండా ఉండలేడు. పైకొచ్చి చూస్తాడు. తాడు కిందకి దిగి ఉంటుంది, గంట నిలబడి ఉంటుంది. వాడు ఊరికే లాగితే చాలు. మాటలక్కర్లేదు."

"రోజలిండ్ ముందు వంగడు ఆయన."

"వంగమన్నదెవరు? తాడు లాగమంటున్నా."

"నీ చేతులు బాగా లేవుగా" అన్నాను. ఆవిడ వేళ్లకి కీళ్లవాపు. చలికాలంలో మరీ.

"డెబ్బై ఒకటి వచ్చాయి, ఏం బాగుంటాయి? నువ్వు రొట్టె తిను."

శనివారం మధ్యాహ్నం నేను మా ఇంటి ముందు కారు కడుగుతున్నాను. పెద్ద గంట లేవడం వినిపించింది. ముందు మెత్తగా, నిద్రలో మూలిగినట్టు. తర్వాత ఒక్కో ఊపుకీ కాస్త గట్టిగా. ఎంత నిదానంగా తెస్తోందో. ఊళ్లో చాలామంది తలెత్తి విన్నామని తర్వాత చెప్పారు. ఒంటరిగా పెద్ద గంట మోగితే చావుకేనని ఇక్కడి లెక్క. ఎవరు పోయారో అని కొట్టు దగ్గర ఒకళ్లనొకళ్లు అడిగారట, వారంలో మొదటిసారి నోరు విప్పి. చప్పుడు పూర్తి ఎత్తుకి వచ్చింది. ఇంకో దెబ్బ. ఇంకోటి. ఇక నిలబెడుతుంది అనుకున్నాను. ఆ తర్వాత వచ్చిన చప్పుడు వరసలో లేదు. రావలసినదాని కన్నా ముందే వచ్చింది. ఆ వెనక మరేమీ రాలేదు. చేతిలో గొట్టం అలా నీళ్లు పోస్తూనే ఉంది.

పాస్టరమ్మ చర్చి పక్కగదిలో ఉంది గనక ముందు చేరింది. ఆ వెనక నేను. జరిగింది ఇంతే: నిలబెట్టిన గంట బరువు పడగానే ఆపుకర్ర విరిగింది. గంట అవతలికి దొర్లింది. కొత్తవాళ్లందరికీ వదిలెయ్యమని నేర్పిన మనిషి తను వదలలేకపోయింది. గంట లేపేటప్పుడు తాడు కొస చుట్టలు చుట్టి ఎడమచేతిలో పట్టుకుంటాం. వాచిన వేళ్లు ఆ చుట్టల్ని సమయానికి విడవలేదు. తాడు ఆవిడని పైకప్పు దాకా తీసుకెళ్లి వదిలింది. నీలం టోపీ నాలుగో గంట తాడు కింద పడి ఉంది. ఆవిడ మళ్ళీ కళ్లు తెరవలేదు. సోమవారం సాయంత్రం ఆసుపత్రిలో పోయింది.

అమ్మల ఆదివారం గంటలే మోగలేదు. తర్వాత ఆవిడ అంత్యక్రియలకీ మోగలేదు. ఆ వారమంతా ఊళ్లో తిరిగిన మాట ఒకటే. మళ్ళీ ఓటు వద్దన్నవాడు కక్షతో తాడు కట్టాడు, దాన్ని విప్పబోయి బెరిల్ చచ్చిపోయింది. ఇంకోవైపువాళ్లు, రోజలిండ్ ఉసిగొల్పకపోతే ముసలమ్మ ఎందుకెళ్తుంది అన్నారు. డెస్మండ్ గోడ మీద కూడా ఎర్రరంగు పడింది. చర్చిలో ఆయన చివరి బల్ల మీద, రోజలిండ్ ముందు బల్ల మీద కూర్చున్నారు. శవపేటిక వాళ్లిద్దరినీ దాటుకుంటూ వెళ్లింది.

మరణ విచారణ జూన్‌లో జరిగింది. విచారణాధికారి మర్యాదస్తుడు. డెస్మండ్ సూటు వేసుకొచ్చి, రెండు చేతులూ బల్ల మీద పెట్టి నిలబడ్డాడు. గొడవైన రెండు రోజులకి, ఏటా వసంతంలో చేసినట్టే ఇరుసులకి నూనె పెట్టడానికి పైకెక్కానన్నాడు. కోపంగానే ఎక్కానన్నాడు. గంటల మధ్య దీపం పట్టి చూస్తే పెద్ద గంట ఆపుకర్రలో నిలువునా పగులు కనిపించిందట.

"అప్పుడేం చేశారు?"

"తాడు కట్టేశానండీ. ఎవరూ తాకకుండా."

"ఎవరికైనా చెప్పారా?"

"తాడు కట్టాను కదండీ. గంటలు కొట్టేవాళ్లకి అంతకన్నా ఏం చెప్పాలి?"

"నోటితో చెప్పలేదా మిస్టర్ ట్యాగ్? ఫోన్‌లో?"

డెస్మండ్ తన చేతుల వైపు చూసుకున్నాడు. "మేం అప్పుడు మాట్లాడుకోవడం లేదండీ" అన్నాడు.

గదిలో ఎవరో కుర్చీ జరిపారు. రోజలిండ్ లేచి బయటికి వెళ్లిపోయింది. ప్రమాదవశాత్తూ మరణం అని రాసుకున్నారు.

మళ్ళీ ఓటు జరగలేదు. మరుసటి జనవరిలో దేశం బయటికి వచ్చేసింది. ఆ రాత్రి మా గోపురం నిశ్శబ్దంగా ఉంది, కొట్టమని అడిగినవాళ్లు లేరు. రోజలిండ్ ఇల్లమ్మేసుకుంది. దైవా ఇంకా ఉంది, ఆదివారాలు నేనూ తనూ మరో ముగ్గురూ కలిసి ఐదు గంటలే మోగిస్తాం. డెస్మండ్ మళ్ళీ ఆ మెట్లెక్కలేదు. రెండేళ్ల తర్వాత ఒక ఉదయం కాలవ గట్టు మీద నడుస్తూ గుండె ఆగి పోయాడు.

ఆయన పోయిన వేసవిలో నోరీన్ బస్‌స్టాపులో కలిసింది. బస్సు ఆలస్యం. ఎండ గురించి మాట్లాడుకున్నాం, ఆవిడ మోకాళ్ల గురించి మాట్లాడుకున్నాం. షెడ్డు ఖాళీ చేస్తున్నానంది. ఆ కర్ర ఇంకా అక్కడే ఉందే, కావాలంటే తీసుకెళ్లు, అంది.

"ఏ కర్ర?"

కొత్త ఆపుకర్ర. ఆ శనివారం పొద్దున్నే లేచి యాష్ చెట్టు కర్ర కోసి, చెక్కి, కొలతకి సరిచేశాడట. భోజనం వేళకి పని అయిపోయింది. ఆదివారం అందరూ కొట్టాలి కదా, నేను లేకపోతే పెద్ద గంట ఎవరు లాగుతారు అన్నాడట. ఆ మధ్యాహ్నమే తీసుకెళ్లి బిగించేసేవాడే. కానీ అవిసె నూనె పూసి ఆరబెట్టాడు. రెండుసార్లు వెళ్లి వేలితో తాకి చూసి, ఇంకా తడిగానే ఉంది, రేపు పొద్దున వెళ్తాలే, అన్నాడట.